గట్టమ్మ చేతులు

“అరికాళ్లల్ల గూడ వచ్చినయత్తమ్మా. వేడి పొక్కులైతే అరికాళ్లల్ల రావు. ఇది వేరే ఏదో ఉన్నది. నా పిల్లకు ఏమైతదో ఏమో, నాకు భయమైతున్నది.”

నిర్మల చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. “నీకు భయం గానిదేమున్నది పద్మా? పాలు గక్కితె భయం, గక్కకుంటె భయం. తుమ్మితె ఫోన్ల చూస్తవు, తుమ్మకుంటె ఫోన్ల చూస్తవు. రేపు గట్టమ్మ వస్తది గద, వేపాకు నీళ్లు పోయిమందాం.”

పద్మలత పిల్ల పాదాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి మళ్లీ చూసింది. లేత గులాబిరంగు అరికాలి మీద ఆవగింజలంత పొక్కులు. అర్ధచంద్రంలా ఒక వరుస. పిల్ల పేరు మాన్విక, ఇంట్లో మిన్ను. ఐదో నెల. పొట్ట మీద, చంకల్లో ఈ పొక్కులు కొన్ని వారాలుగా వస్తూ పోతూ ఉన్నాయి. ఇంట్లో అందరూ వేడి అన్నారు. పద్మలత కూడా అవునని తల ఊపింది. ఊపేటప్పుడు అది వేడి కాదని ఆమెకు తెలుసు.

ఆమె మహబూబాబాద్ పిల్ల. అక్కడే బీఎస్సీ చదివింది. జువాలజీ ప్రాక్టికల్ రికార్డులో ఆమె గీసిన బొమ్మలు చూసి, వాటిని తరువాతి బ్యాచ్ పిల్లలకు చూపించడానికి మేడమ్ ఉంచేసుకుంది. పెళ్లయి జనగామ వచ్చింది. భర్త నరేశ్ భూపాలపల్లి గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద లారీల రాకపోకలు చూసే పని చేస్తాడు. అక్కడే తోటి పనివాళ్లతో ఒక గదిలో ఉంటాడు. సెలవు దొరికినప్పుడు ఇంటికి వస్తాడు. ఇంట్లో మిగిలేది అత్త, కోడలు, పసిపిల్ల. ఇంకా పొద్దున పూట గట్టమ్మ.

గట్టమ్మ పిల్లలకు నీళ్లు పోసే మనిషి. ఆ గల్లీలో బాలింత ఉన్న ఇల్లు ఏదైనా, ఇరవై ఒకటో రోజు పండుగకు ముందే ఆమె ఆ ఇంటి గడప తొక్కి ఉంటుంది. రఘునాథపల్లి దగ్గర పల్లెలో పుట్టి, ఇంకా ఊహ సరిగా తెలియని వయసులో బచ్చన్నపేట మండలంలోని ఒక నాయీబ్రాహ్మణ కుటుంబానికి కోడలుగా వెళ్లింది. అత్త కాన్పులు చేసేది. గట్టమ్మ ఆమె వెనుక దీపం పట్టుకొని తిరిగి ఆ పని నేర్చుకుంది. దవాఖానకు తీసుకుపోయే బండ్లు ఊళ్లలోకి వచ్చాక కాన్పులకు పిలుపులు తగ్గాయి. తగ్గినందుకు ఆమె ఎన్నడూ బాధపడలేదు. “మంచిగనే అయింది బిడ్డా, ఒక్కొక్క కాన్పుకు నా పానం గొంతులకొచ్చేది” అనేది. భర్త మొండయ్యతో కలిసి జనగామ వచ్చింది. మొండయ్య బస్టాండు పక్కన గోడకు అద్దం తగిలించి, కుర్చీ ఒకటి వేసి, క్షవరం చేసేవాడు. అతను పోయాక కూతురు డోర్నకల్ రమ్మంది. అల్లుడికి అక్కడ రైల్వేలో పని. గట్టమ్మ పోలేదు. “అల్లుని ఇంట్ల కూసుండి తింటె కాళ్లు మొద్దుబారుతయి. నా కాళ్లతోనే గద నా బతుకు” అంది.

అది నిజమే. ఆమె పనంతా కాళ్ల మీదే. స్నానాల గది ముందు పీట వేసుకొని, చీర మోకాళ్ల పైకి దోపి, రెండు కాళ్లూ చాపి, వాటి మీద పాత చీరముక్క ఒకటి పరిచి, పిల్లను బోర్లా పడుకోబెట్టుకునేది. చెంబులో నీళ్ల వేడిని మోచేతితో చూసేది. తరువాత నోరు మొదలయ్యేది.

“ఏమే తాసిల్దారమ్మా, గంత కోపమెందుకే? నీ ఆఫీసుల నీళ్లు వస్తలెవ్వా? ఇగో, పోస్తున్న. దరఖాస్తు ఇయ్యకుంటనే పోస్తున్న.”

మిన్ను ఆమె కాళ్ల మీద ఉచ్చ పోస్తే, “చూడున్రి, ముద్ర గూడ వేసింది! ఇగ నా పని పక్కా” అని నవ్వేది. నిర్మల నవ్వేది. అంత భయంలోనూ పద్మలతకు కూడా నవ్వు వచ్చేది. పిల్ల ఏడుపు ఆగేది.

ఆ చీరముక్క గురించి గల్లీలో ఒక నమ్మకం ఉంది. గట్టమ్మ చేసిన మొదటి కాన్పుకు ఆ ఇంటివాళ్లు పెట్టిన చీరలోని ముక్క అది. ఆ గుడ్డ మీద నీళ్లు పోసుకున్న పిల్లలకు దిష్టి తగలదని, కాళ్లు గట్టిపడతాయని చెప్పుకుంటారు. ఏ ఇంటికి వెళ్లినా తల్లులు, “గుడ్డ తెచ్చినవా అవ్వా?” అని అడిగేవారు. ఆమె తెచ్చేది. పిల్లకు పోయగా మిగిలిన నీళ్లలో దాన్ని జాడించి, పిండి, తడిగానే సంచిలో పెట్టుకొని మరో ఇంటికి నడిచేది.

పద్మలత మొదటి వారంలోనే ఒకసారి అంది. “అవ్వా, మా ఇంట్ల గుడ్డ ఇస్త, అది పరుచుకోరాదు?”

గట్టమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. నిర్మల అందుకుంది. “ఏందే గ మాటలు? గా గుడ్డ కోసం ఊరోళ్లు ఎదురు చూస్తరు. పెద్దమనిషి మనసు కష్టపెట్టకు.” పద్మలత ఇక ఆ ఊసు ఎత్తలేదు. కొత్త కోడలు, పసిపిల్ల తల్లి. ఇంట్లో ఎన్ని మాటలు నెగ్గించుకోగలదు?

కానీ అంతకంటే పెద్ద విషయం ఒకటి ఆమె లోపల దాచుకుంది.

మిన్నుకు రెండో నెలలో ఉండగా నరేశ్ సెలవుకు వచ్చాడు. అన్నం తింటూ ఎడమచేతి వేళ్ల సందులు కంచం అంచుకు రుద్దుకుంటున్నాడు. పద్మలత చెయ్యి పట్టుకొని చూసింది. వేళ్ల నడుమ, మణికట్టు మడతలో, పెన్సిల్‌తో గీసినట్టు సన్నని వంకర గీతలు, వాటి చివర పొక్కు. రికార్డులో తాను గీసిన బొమ్మ గుర్తుకు వచ్చింది. ఎనిమిది కాళ్ల, కంటికి ఆనని పురుగు. చర్మం కింద సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది.

“గజ్జి ఇది” అంది.

నరేశ్ చెయ్యి లాక్కున్నాడు. “మెల్లగ మాట్లాడు, అమ్మ ఇంటది. మా గదిల అందరికి ఉన్నది. చద్దర్లు ఎవ్వలవి ఎవ్వలు కప్పుకుంటున్నమో తెల్వదు. మందు పూస్త, పోతది.”

“నీ ఒక్కనికి పూస్తె పోదు. ఇంట్ల అందరం ఒక్కనాడే పూసుకోవాలె.”

“అంటె అమ్మకు చెప్తవా? నీళ్లు పోసే ముసల్దానికి చెప్తవా? గజ్జి అంటె ఊరంత నవ్వుతరు పద్మా. నా ఇజ్జత్ తియ్యకు.”

ఆమె చెప్పలేదు. చిన్నప్పుడు బడిలో చేతులకు గజ్జి ఉన్న పిల్లను పంతులు వేరే మూల కూర్చోబెట్టిన సంగతి ఆమె మరచిపోలేదు. ఆ పిల్ల పేరు ఎవరికీ గుర్తు లేదు, ఆమెకు పెట్టిన వెక్కిరింపు పేరు మాత్రం అందరికీ గుర్తు. నరేశ్ దురద పెట్టినచోట మాత్రం మందు రాసుకొని భూపాలపల్లి వెళ్లిపోయాడు. కొన్ని వారాలకు పద్మలత మణికట్టు దురద పెట్టడం మొదలైంది. ఆమె గాజులు కిందికి లాక్కొని, గిన్నెల సబ్బు పడటం లేదని చెప్పింది. గుట్టుగా మందు తెచ్చుకొని రాసుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. పిల్లకు ఏం రాయాలో ఫోన్‌లో వెతికింది, భయపడి ఏమీ రాయలేదు. చదివిన చదువు ఆమెకు జబ్బు పేరు చెప్పింది. ఆ పేరు పైకి అనడానికి నోరు రాలేదు.

మిన్ను అరికాళ్లలో పొక్కులు చూసిన మరునాడు పొద్దున, గట్టమ్మ కంటే ముందు ప్రియదర్శిని వచ్చింది. రెండిళ్ల అవతల ఉంటుంది. బడిలో టీచరు. చంటిపిల్లవాడి కోసం సెలవులో ఉంది. వాడికీ గట్టమ్మే నీళ్లు పోస్తుంది. ప్రియదర్శిని ముఖం జేవురించి ఉంది.

“ఆంటీ, గట్టమ్మ చేతులు ఎన్నడన్న చూసిన్రా మీరు? మా బాబుకు ఒళ్లంత పొక్కులు. నిన్న వాడిని ఒళ్లె వెయ్యంగ చూసిన, వేళ్ల సందులల్ల పసుపు పూసుకొని వచ్చింది. పసుపు కింద అంత గజ్జే.”

నిర్మల చేతిలోని చాట కింద పెట్టింది. “ఏందీ? మా పిల్లకు గూడ గట్లనే...” అని పద్మలత వైపు చూసింది. “నువ్వు చెప్తనే ఉన్నవు. నేనే ఇనలే. గామెనే తెచ్చిందన్నట్టు.”

అంతలోనే వాకిట్లో చెప్పుల చప్పుడు. గట్టమ్మ సంచితో లోపలికి వచ్చింది. “తాసిల్దారమ్మ లేచిందా?” అంటూనే ముగ్గురి ముఖాలు చూసి ఆగింది.

“చేతులు చూపెట్టు” అంది ప్రియదర్శిని.

“ఎందుకు బిడ్డా?”

“చూపెట్టు ముందు.”

గట్టమ్మ సంచి దించింది. రెండు చేతులు చాపింది. మొదట వెల్లకిలా, తరువాత బోర్లా. పసుపు పట్టిన వేళ్ల నడుమ ఎర్రగా రేగిన పొక్కులు, గీరిన గాట్లు. ఎందరో పిల్లలను భూమి మీదికి అందుకున్న చేతులు.

“గీ గజ్జి చేతులతోని పసిపిల్లలను ముట్టుకుంటవా? నీకు పిల్లలు లేరా? షరం లేదా?” ప్రియదర్శిని గొంతు వీధిలోకి వినిపించింది. ప్రహరీ అవతల ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారు.

“మేము నిన్ను ఇంటి మనిషి లెక్క చూసినం గట్టమ్మా” అంది నిర్మల. “గిట్ల చేస్తివి.”

గట్టమ్మ చూపు పద్మలత వైపు తిరిగింది. ముఖం మీద నిలవలేదు, చేతి మీద నిలిచింది. పిల్లను ఎత్తుకోవడంతో గాజులు మోచేతి వైపు జారి ఉన్నాయి. పద్మలత పిల్లను ఇంకో చేతికి మార్చుకొని, ఆ చేతిని కొంగు కిందికి తీసుకుంది.

గట్టమ్మ సంచి ఎత్తుకుంది. “పైలం బిడ్డా” అంది, ఎవరిని జాగ్రత్త అన్నదో తెలియకుండా. చెప్పులు వేసుకోవడం మరచి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి వేసుకొని వెళ్లింది.

ఒక్క మాట. “అవ్వది కాదు, మాది” అనే ఒక్క మాట అనడానికి పద్మలతకు ఎంత సమయమైనా దొరికింది. గట్టమ్మ చెప్పుల కోసం తిరిగి వచ్చినప్పుడు కూడా దొరికింది. ఆమె పిల్ల వీపు తడుతూ నిలబడింది.

సాయంత్రానికల్లా గల్లీ అంతా తెలిసిపోయింది. గట్టమ్మ వెళ్లే ఇళ్లన్నీ ఆమెను రావద్దన్నాయి.

మరునాడు అత్తాకోడళ్లు మిన్నును పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ అరికాళ్లు చూసి, అరచేతులు చూసి, పైకి చూసింది. “ఇంట్లో ఇంకా ఎవరికి దురద ఉంది?”

“మాకెవ్వలకు లేదమ్మా” నిర్మల గబగబా అంది. “పిల్లకు నీళ్లు పోసే ముసలామెకు ఉన్నది. గామెతోనే వచ్చింది.”

“ఆమెకు ఎప్పటినుంచి?”

“ఈ మధ్యనే. మొన్నటిదాంక చేతులు మంచిగనే ఉండె.”

“పాపకు?”

“నెల మీదనే అయితది.”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. “మొదటిసారి అంటుకున్నప్పుడు దురద బయటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. పాపకు ముందు, ఆమెకు తర్వాత వస్తే, పాప నుంచే ఆమెకు అంటి ఉండొచ్చు. అక్కడి నుంచి ఆమె చేతులు, ఆమె వాడే గుడ్డలు ఇంకో ఇంటికి మోసి ఉండొచ్చు. మరి పాపకు ఎవరి నుంచి?” అని పద్మలత చేతిని తన వైపు తీసుకొని గాజులు పైకి జరిపింది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరి పిల్లో ఏడుస్తోంది.

“మా ఆయనకు” అంది పద్మలత. మాట తనకే వినిపించనంత మెల్లగా వచ్చింది. మళ్లీ అంది. “మా ఆయనకు మొదలు వచ్చింది మేడమ్. నాకు తెలుసు. నేను చెప్పలే.”

నిర్మల కోడలి వైపు చూసింది. ఆ చూపును పద్మలత తన పెళ్లిలోనూ, కాన్పులోనూ, ఎన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. ఇది మురికి వల్ల వచ్చేది కాదని, ఒళ్లూ ఒళ్లూ తగిలి ఎవరికైనా వస్తుందని చెప్పింది. పెద్దవాళ్లకు మెడ నుంచి కాళ్ల దాకా, పిల్లకు తలతో సహా రాయాల్సిన మలాము రాసిచ్చింది. ఇంట్లో దురద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఒకేనాడు రాసుకోవాలి. వారం తరువాత మళ్లీ రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ఉతకలేనివి సంచిలో మూటకట్టి కొన్నాళ్లు పక్కన పెట్టాలి. “మీ ఆయన గదిలో వాళ్లందరికీ కూడా. ఆ ముసలామెకు కూడా. ఆమెను వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.”

ఆటోలో నిర్మల మందుల సంచి ఒళ్లో పట్టుకొని కూర్చుంది. ఇల్లు దగ్గరపడ్డాక అంది. “అయిందేదో అయింది. మందు తెచ్చుకున్నం. బయట అనకు. గట్టమ్మ పేరు ఎట్లనో పోనే పోయింది. ఇగ నరేశ్ పేరు గూడ ఎందుకు?”

పద్మలత తల ఊపింది. ఊపినందుకు ఆ పూటంతా అన్నం సహించలేదు.

ఇంట్లో అందరూ మలాము రాసుకున్నారు. దుప్పట్లన్నీ డాబా మీద ఎండాయి. నాలుగైదు రోజులకే మిన్ను పొక్కులు వాడిపోయాయి, పిల్ల గుక్క తిప్పుకోకుండా ఏడవడం మానింది. ఇప్పుడు పద్మలతే నీళ్లు పోస్తోంది. పిల్ల కాళ్ల మీద జారిపోతోంది, సబ్బు కళ్లలో పడుతోంది. ఒకనాటి పొద్దున “తాసిల్దారమ్మా” అనబోయి ఆగింది. ఆ పిలుపు తనది కాదు.

ఆ మధ్యాహ్నం మలాము ట్యూబులు సంచిలో వేసుకొని, పిల్లను అత్తకు అప్పగించి, సిద్దిపేట రోడ్డు వైపున్న గట్టమ్మ గదికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. గట్టమ్మ లోపల వేపాకు, పసుపు నూరి చేతులకు పట్టిస్తోంది. మనిషి చిక్కింది.

“ఆడనే ఉండు బిడ్డా. గడప దాటకు. ఇంట్ల పసిపిల్ల ఉన్నది నీకు.”

పద్మలత గడప మీదే కూర్చుంది. “అవ్వా, అది నీ నుంచి రాలే. మా ఇంట్లకెల్లే వచ్చింది. ముందు మా ఆయనకు, తర్వాత నాకు, మిన్నుకు. నీకు మేమే అంటించినం.”

“ఎరుకే” అంది గట్టమ్మ.

“ఎరుకనా?”

“పిల్లను ఇచ్చుకుంట పుచ్చుకుంట నీ చెయ్యి చూస్తలేనా? గాజులు కిందికి గుంజుకుంటుంటివి. నాకు దురద లేని దినాలల్లనే చూసిన.”

“మరి గా రోజు ఎందుకు అనలే అవ్వా? అందరి ముందు గన్ని మాటలు పడితివి.”

గట్టమ్మ పసుపు చేతులను ఒళ్లో పెట్టుకుంది. “ఇల్లిల్లు తిరిగేదాన్ని. ఒక్క ఇంటి ముచ్చట ఇంకో ఇంట్ల చెప్పిననంటె నన్ను ఎవ్వలు రానిస్తరు? మా అత్త నేర్పింది గదే. కన్ను చూసింది నోరు అనొద్దని. నువ్వు సిగ్గుపడి దాచితివి. నేను మర్యాద అని దాస్తి. నడుమల పిల్లలు గోక్కున్నరు.” వేళ్ల సందుల్లో పసుపు మళ్లీ అద్దుకుంది. “నా తప్పు లేదనకు. నా చేతులకు దురద వచ్చినంక గూడ నేను పోయిన. పసుపు పూసుకొని దాచుకొని పోయిన. పోకుంటె పొయ్యి ఎట్ల వెలగాలె అనుకున్న. గా పిలగాడు, టీచరమ్మ కొడుకు, నా కాళ్ల మీద పండుకొని నవ్వుతుండె. గది యాదికొస్తె నాకు నిద్ర వస్తలేదు.”

పద్మలత ఏడ్చింది. చేతులు పట్టుకుందామని ముందుకు వంగితే గట్టమ్మ వెనక్కి జరిగింది. “వద్దు, వద్దు. మందు గాడ పెట్టు.”

మలాము ఎలా రాసుకోవాలో పద్మలత చెప్పింది. వేపాకు పసుపుతో పోదని చెప్పింది. గట్టమ్మకు ఆ మాట నచ్చలేదు. ముఖం అదోలా పెట్టింది, కానీ ట్యూబు తీసుకుంది. ఆ చీరముక్కను ఇక ఇంటింటికీ తిప్పొద్దని చెప్పినప్పుడు, దండెం మీద ఆరేసిన గుడ్డ వైపు చూస్తూ ఉండిపోయింది.

“నన్ను క్షమించు అవ్వా” అంది పద్మలత లేస్తూ.

“నాకు చెప్తె ఏమొస్తది బిడ్డా? మాట నీ వాకిట్ల పడ్డది, ఊరంత ఇన్నది. నా గడపల కూసుండి తీసేస్తె పోతదా? పడ్డకాడనే తియ్యాలె.”

కోపంగా అనలేదు. కడవ ఎక్కడ పెట్టాలో చెప్పినట్టుగా అంది.

మరునాడు పొద్దున కూరగాయల బండి వచ్చింది. గల్లీ ఆడవాళ్లు చుట్టూ చేరారు. ప్రియదర్శిని పిల్లవాడిని చంకనేసుకొని టమాటాలు ఏరుతోంది. పద్మలత వాకిట్లో చాలాసేపు నిలబడింది. బండివాడు ఆ టమాటాలు తూచబోతుంటే పరుగులాంటి నడకతో వెళ్లింది.

“అక్కా, గజ్జి గట్టమ్మ తేలే. మా ఇంట్లకెల్లి వచ్చింది. మా ఆయనకు మొదలైంది, తర్వాత నాకు. గట్టమ్మకు మిన్నుతోనే అంటుకున్నది. నాకు ముందే తెలుసు.” ఊపిరి తీసుకుంది. “ఆమె చేతులు చూపెట్టినప్పుడు నా చేతులకు గూడ ఉండె. నేను కొంగు కింద దాచుకున్న.”

తూకం రాయి పట్టుకున్న బండివాడు అలాగే ఉండిపోయాడు.

“నువ్వు సైన్స్ చదివినవు గద పద్మా” అంది ప్రియదర్శిని చివరికి. “తెలిసి, తెలిసి?” పిల్లవాడిని ఇంకో వైపుకు, పద్మలతకు దూరంగా మార్చుకుంది. టమాటాలు అక్కడే వదిలి వెళ్లిపోయింది. వెనుక నుంచి ఎవరో, “మొగని గజ్జి బజార్ల పెట్టుకున్నది” అన్నారు. ఎవరో నవ్వారు. పద్మలత ముఖం మండుతోంది. ఇంటికి వచ్చి గాజులు తీసి అలమారలో పెట్టింది.

ఆ రోజే నరేశ్ ఫోన్ చేశాడు. తల్లి చెప్పింది కాబోలు. “నా ఇజ్జత్ తీసినవు” అన్నాడు. ఆమె విని, “నీ గదిల అందరు మందు పూసుకున్నరా?” అని అడిగింది. అతను ఫోన్ పెట్టేశాడు. తరువాత సెలవుకు వచ్చినప్పుడు కోపంగానే వచ్చాడు. కానీ వేళ్ల సందులు శుభ్రంగా ఉన్నాయి, సొంత దుప్పటి కొనుక్కున్నానని తల్లితో చెబుతుంటే ఆమెకు వినిపించింది.

గట్టమ్మను అన్ని ఇళ్లూ మళ్లీ పిలవలేదు. ప్రియదర్శిని పిలవలేదు. మందులతో పిల్లవాడికి తగ్గింది, కానీ ఆమె గట్టమ్మతోనూ మాట్లాడదు, పద్మలతతోనూ మాట్లాడదు. రెండోసారి మలాము రాసుకొని, చేతులు పూర్తిగా మానాక, గట్టమ్మ ఒక పొద్దున నిర్మల వాకిట్లోకి వచ్చి నిలబడింది. సంచి లేదు. చీరముక్క లేదు.

“గుడ్డ ఏది గట్టమ్మా?” అని నిర్మల అలవాటుగా అడిగి, నాలుక కరచుకుంది.

“పెట్టెల పెట్టిన. నేను పొయినప్పుడు నా మీద కప్పుదురు. ఇగ ఏ ఇంటి గుడ్డ గా ఇంట్లనే.” పీట దగ్గరికి రాకముందే ఆమె రెండు చేతులూ చాపింది. వెల్లకిలా, బోర్లా, వేళ్లు విడదీసి. ఆ రోజు ముగ్గురి ముందు చాపినట్టే చాపింది, కానీ ఈసారి ఎవరూ అడగలేదు. “చూసుకోన్రి. మా మొండయ్య ప్రతి మనిషికి కొత్త బ్లేడు కాగితం చింపకముందు చూపెట్టేటోడు. ‘చూసుకో అన్నా’ అనేటోడు. గాయిన బ్లేడు చూపెట్టిండు గని, నేను ఒక్కనాడు చేతులు చూపెట్టలే.”

నిర్మల చూడలేక తల తిప్పుకుంది. పద్మలత దగ్గరికి వెళ్లి నిజంగానే చూసింది, వేళ్ల సందులతో సహా. ఆ తరువాత గట్టమ్మ, “మరి నీవి?” అంది. పద్మలత బోసి చేతులు చాపింది. ముసలామె కళ్లు చికిలించి, మణికట్లు తిప్పి చూసి, “మంచిగున్నయి. సబ్బు ఇయ్యి” అంది. మోచేతుల దాకా కడుక్కుంది. పద్మలత ఇచ్చిన ఇంటి గుడ్డను కాళ్ల మీద పరుచుకుంది.

“రావే తాసిల్దారమ్మా. బదిలీ మీద పోయి మల్ల వచ్చిన.”

మిన్ను ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తోంది. గట్టమ్మ పని ఆ ఇంట్లో అయిపోయింది. పద్మలత భయాలు పోలేదు. ఇంకా ఫోన్‌లో వెతుకుతుంది. పార్లర్‌లో కనుబొమ్మలకు దారం పెట్టించుకోబోతూ ఒకరోజు, “మీ చేతులు చూపిస్తరా?” అని అడిగితే, ఆ అమ్మాయి ముఖం మాడ్చుకుంది. ఆ సంగతి చెబితే గట్టమ్మ నవ్వింది.

“ఉత్తగ అడిగితె ఎవ్వలకైన కోపమొస్తది. ముందు నీవి చూపెట్టు బిడ్డా. నీకున్నది నువ్వు చెప్పు. గప్పుడు వాళ్లవి అడుగు.”

కిందటి వారం పద్మలత మళ్లీ ఆ పార్లర్‌కు వెళ్లింది. కుర్చీలో కూర్చోకముందే రెండు చేతులూ చాపి, వేళ్లు విడదీసి చూపించింది. “నుదుటి మీద కురుపు ఉన్నదమ్మా, దాన్ని ముట్టుకోకు. నాకు కొత్త దారం తియ్యి” అంది. ఎప్పటిలాగే ముఖం వేడెక్కింది. ఆ అమ్మాయి ఒక్క నిమిషం ఆమెను చూసి, కొత్త ఉండ తీసింది. తరువాత, అడగకుండానే, తన చేతులు కూడా తిప్పి చూపించింది.